ఏలీయా తలదగ్గర నీళ్లబుడ్డి

నూతన సంవత్సర పాఠము
చదువవలసిన భాగము: 1 రాజులు 19:1–18



డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధన ముగిసిన తరువాత మన సంఘములలో ఒక్కొక్కరు వాగ్దాన వాక్యమును తీసికొని ఇంటికి వెళ్లుదురు. ఆ రాత్రి మనము చేయు ప్రార్థనలలో ఆరోగ్యము కొరకైన ప్రార్థన తప్పక యుండును. ఈ యేడు మా యింట రోగము లేకుండ కాపాడుమని అడుగుదుము. మంచిదే. అయితే మనము అడుగుచున్న ఆరోగ్యమేమిటి? జ్వరము లేకపోవుటయేనా? పనికి పోగలుగుటయేనా? దేవుడు తన సేవకుడైన ఏలీయాను బాగుచేసిన విధమును చూచినయెడల ఈ ప్రశ్నకు జవాబు దొరకును.

కర్మెలు కొండమీద అంత ధైర్యముగా నిలిచిన మనుష్యుడు యెజెబెలు పంపిన వర్తమానమునకు భయపడి పారిపోయెను. పనివానిని బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినప్రయాణము పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, చచ్చిపోయిన చాలునని ప్రార్థించెను. అతని శరీరము అలసెను, మనస్సు క్రుంగెను, ఆత్మ చీకటిలో పడెను, తోడు ఎవరును లేకపోయిరి. ఈ నాలుగింటిని దేవుడు ఎట్లు చూచెనో గమనింతము.

1. శరీరము

దేవదూత మొదట ప్రసంగము చేయలేదు. అతనిని నిద్రపోనిచ్చెను. తరువాత తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్లబుడ్డిని చూపెను. అతడు తిని త్రాగి మరల పండుకొనగా కోపపడలేదు. రెండవమారు లేపి మరల తినుమనెను. దేవుని మాట వినుటకు ముందు ఏలీయాకు నిద్ర, అన్నము, నీళ్లు కావలసివచ్చెను. వాటిని పంపినవాడు దేవుడే.

ఆ నీళ్లబుడ్డి మాట చదివినప్పుడు మన శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము జ్ఞప్తికి రాక మానదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి, జీడి, పనస తోటలతో చూచుటకు ఏదెను తోటవలె నుండు సీమ అది. అయినను అక్కడ కిడ్నీ జబ్బు అనేక కుటుంబములను దుఃఖములో ముంచినది. ఇటీవలి పరిశోధనలలో పెద్దలలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు కనబడినది. నీరు కారణమా, ఎండలో నీళ్లు త్రాగక చేయు కష్టమా, నొప్పి మాత్రలా, మరేదైననా యని పరిశోధించుచునే యున్నారు. ఒక్క కారణము ఇంకను తేలలేదు. హిరమండలము జలాశయమునుండి మంచినీటి పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభించిరి.

ఈ జబ్బు చప్పుడు చేయక వచ్చును. కాళ్లు వాచి, ఆకలి పోయి, వాంతులు పట్టునాటికి కిడ్నీలు చాలవరకు చెడిపోయి యుండవచ్చును. రక్తములో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష, రక్తపోటు చూచుట, ఇవి దానిని ముందుగా పట్టుకొను సాధనములు. ముందుగా తెలిసినవారు రక్తపోటును అదుపులో నుంచుకొని, ఉప్పు తగ్గించి, నొప్పి మాత్రలు మానినచో జబ్బును చాలకాలము నెమ్మదింపజేయవచ్చును. విజయనగరము వైపు సంఘములవారు ఇది తమ సంగతి కాదనుకొనరాదు. మధుమేహము, రక్తపోటు ఏ ఊరివాని కిడ్నీలనైనను పాడుచేయును.

ఇచ్చట మన తప్పును కూడ ఒప్పుకొనవలెను. ప్రార్థన చేయించుకొన్నాను గనుక మాత్రలు మానితినని చెప్పిన సహోదరుని మనము ఎరుగుదుము. అది గొప్ప విశ్వాసమని మనలో కొందరము మెచ్చుకొంటిమి. కొన్ని నెలలకే అతనిని డయాలిసిస్‌కు తీసికొనిపోవలసి వచ్చెను. అప్పమును, నీళ్లబుడ్డిని నిరాకరించియుండిన ఏలీయా హోరేబునకు చేరియుండునా? మన పెద్దలు ఈ సంగతి ఎరుగుదురు. కెనడా బాప్తిస్టు మిషను వైద్యుడు డాక్టర్ బెన్ గల్లిసన్ సోంపేటలోని ఆరోగ్యవరము ఆసుపత్రిలో గ్రుడ్డివారి కన్నులకు శస్త్రచికిత్స చేసెను. ఆయన పనినిగూర్చి విని కదిలిన ఆర్ట్ జెంకిన్స్ అను కెనడా వర్తకుని పూనికవలన 1963లో ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్ అను సంస్థ పుట్టెను. ప్రార్థించు చేతులే కత్తిని పట్టినవి. రెంటికిని విరోధము లేకపోయెను.

2. మనస్సు

హోరేబు గుహలో దేవుడు ఏలీయాను, ఇక్కడ నీవేమి చేయుచున్నావని అడిగెను. అతడు తన మొర చెప్పుకొనెను. దేవుడు మరల అదే ప్రశ్న అడుగగా అతడు మరల అదే మొర పెట్టుకొనెను. ఇదివరకే చెప్పితివి గదా యని దేవుడు విసుగుకొనలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానపు తోటలను ఒక్క రాత్రిలో పడగొట్టెను. కొబ్బరిమొక్క నాటి కాయ చూచుటకు ఏండ్లు పట్టును. చెట్లతోపాటు మనస్సు విరిగినవారు అనేకులు. నిద్ర పట్టనివారు, మాట తగ్గినవారు, సారాలో దుఃఖమును ముంచుకొనువారు మన మధ్య నున్నారు. వారితో, విశ్వాసముంటే ఏడువవద్దు అనుట తగదు. రెండుమారులు చెప్పినను విను చెవి కావలెను. అవసరమైనచో వైద్యునికి చూపవలెను. 14416 నంబరుకు ఫోను చేసినచో ప్రభుత్వపు టెలి మానస్ సేవలో ఉచితముగా సలహా చెప్పుదురు.

3. ఆత్మ

పెనుగాలి వీచెను; ఆ గాలిలో యెహోవా లేడు. భూకంపములోను, అగ్నిలోను లేడు. మెల్లని స్వరములో ఆయన మాటలాడెను. తుఫాను వచ్చినప్పుడును, జబ్బు వచ్చినప్పుడును, ఇది వీరి పాపమునకు శిక్ష అని తీర్పు చెప్పువారు ఈ వచనములను మరల చదువవలెను. యోహాను 9వ అధ్యాయములో ప్రభువు అట్టి తీర్పును త్రోసివేసెను.

ఏలీయాకు శత్రువులు తొలగిపోలేదు గాని చేయవలసిన పని దొరకెను. పౌలుకు ముల్లు తీసివేయబడలేదు గాని కృప దొరకెను. కిడ్నీలు మరల బాగుపడకపోయినను దేవునితో సమాధానము గలవాడు ఆయన యెదుట సంపూర్ణుడే.

4. సహవాసము

నేనొక్కడనే మిగిలితినని ఏలీయా అనుకొనెను. ఏడువేలమంది యున్నారని దేవుడు చెప్పెను. అంతట విడువక, పరిచర్య చేయుటకు ఎలీషాను తోడిచ్చెను. లెక్క ఓదార్చును, తోడు నిలువబెట్టును.

డయాలిసిస్ సాధారణముగా వారమునకు మూడుమారులు, ఒక్కొక్కమారు సుమారు నాలుగు గంటలు. చికిత్స ఉచితముగా దొరకినను, ఆటో కిరాయి, తోడు వెళ్లువాని కూలి ఎవరు భరించుదురు? ఇంట జబ్బున్నదని తెలిసినచో పిల్లకు సంబంధము తప్పిపోవునను భయముతో పరీక్షకే వెళ్లని కుటుంబములున్నవి. ఆ భయమును పుట్టించునది ఊరివారి నోరు. ఆ నోళ్లలో మనవి కూడ లేవా?

ఈ సంవత్సరము మనము చేయదగినవి

ముప్పది యేండ్లు దాటిన ప్రతివారు ఒకమారైనను రక్తపోటు, చక్కెర, క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకొనవలెను. ఇతరులకు ధైర్యము కలుగుటకు మొదట సంఘ పెద్దలే వెళ్లవలెను.

ఎండలో పనిచేయువారు నీళ్లు తీసికొనిపోయి మాటిమాటికి త్రాగవలెను. కిడ్నీ జబ్బున్నవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలత ప్రకారమే త్రాగవలెను.

ఒళ్లునొప్పులకు కొట్టులో నొప్పి మాత్రలు కొని మ్రింగరాదు. ఎండుచేపలు, పచ్చళ్లు తగ్గించవలెను.

డయాలిసిస్‌కు వెళ్లువారికి తోడు వెళ్లుటకు యౌవనస్థులు వంతులు వేసికొనవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దేవదూత మొదట మాటను గాక అప్పమును ఏల ఇచ్చెను?
2. మన సంఘములో బదరీవృక్షము క్రింద కూర్చున్నవారు ఎవరు? వారిని చివరిసారి ఎప్పుడు చూడబోతిమి?
3. రోగమున్న ఇంటినిగూర్చి మనము మాటలాడు మాటలు ఎట్టివి?

ప్రార్థన: అలసిన నీ సేవకుని తట్టి లేపిన దేవా, మా శరీరములను నీ వరముగా కాపాడుకొను బుద్ధి దయచేయుము. క్రుంగినవారి మొర ఓపికతో విను చెవి మాకిమ్ము. ఈ సంవత్సరము మా పొరుగువాని తలదగ్గర నీళ్లబుడ్డి పెట్టువారినిగా మమ్మును చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.