నచ్చని మ్యాటర్ చేతికొచ్చినప్పుడు

ములకలపల్లి



బోర్డు రాసేవాడికైనా, ఫ్లెక్సీ డిజైన్ చేసేవాడికైనా, పాట కట్టేవాడికైనా నచ్చిన పని వరసగా రాదు. పెద్ద ఊళ్లలో ఒకడు సినిమా పోస్టర్లే చేసి, ఇంకొకడు పుస్తకాల ముఖచిత్రాలే వేసి బతకగలరు. ములకలపల్లి లాంటి మండల కేంద్రంలో ఆ వీలు లేదు. ఎరువుల కొట్టు బోర్డు, పెళ్లి బ్యానరు, పోటీలో ఉన్న రెండు పార్టీల గోడలు, అటవీశాఖ హెచ్చరిక, జాతర స్వాగత ద్వారం అన్నీ ఒకే చేతి మీదుగా పోతేనే నెల గడుస్తుంది. కాబట్టి నచ్చని పని ఎదురవుతుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఎదురైనప్పుడు ఎలా చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నదే నేర్చుకోవలసింది.

ముందుగా ఆ అయిష్టం దేనిమీదో విడదీసి చూసుకోవాలి. పని ఇచ్చే మనిషి నచ్చకపోవడం ఒకటి. అతని అభిరుచి నచ్చకపోవడం ఇంకొకటి. విషయం తన నమ్మకానికి దూరంగా ఉండడం మరొకటి. విషయమే అబద్ధమై, చదివినవాడికి నష్టం చేసేదైతే అది వీటిలో దేనితోనూ కలవదు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు వీటన్నిటినీ కలిపి ‘మనసుకు పట్టలేదు’ అంటారు. అలా కలిపేసుకున్నవాడు వదులుకోవలసిన పని ఒప్పుకుంటాడు, చేయదగిన పనిని చెడగొడతాడు.

అభిరుచి సంగతి చిన్నది. ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలు కావాలని, ఒక్క బ్యానర్లోనే బంధువులందరి ఫొటోలు పెట్టాలని ఇంటాయన అడిగితే అది ఆయన ఇంటి పండగ. రోడ్డు మీద పోయేవాడు బండి ఆపకుండా పేరు, తేదీ, ఊరు చదవగలిగేలా చూస్తే పనివాడి బాధ్యత తీరుతుంది.

విషయం తనది కానప్పుడు పాటించవలసిన మర్యాదకు తెలంగాణలోనే పాత ఉదాహరణ ఉంది. చేర్యాల నకాశీ చిత్రకారులు తరతరాలుగా పటాలు రాసింది తమ కులం కథ కోసం కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు వచ్చి పటం రాయించుకునేవారు. ప్రతి కథా తన కులాన్నే గొప్పగా నిలబెడుతుంది. నకాశీ ఆ పోటీలోకి దిగలేదు. చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన బట్ట మీద, ఎర్రటి నేల మీద, ఎవరి కథకైనా అంతే నిండుగా బొమ్మ కట్టాడు. కథ ఎవరిదో కథకుడు చూసుకుంటాడు. వెనక కూర్చున్న ముసలమ్మకు కూడా ఏ బొమ్మ ఎవరిదో తెలియాలన్నదే చిత్రకారుడి పూచీ. పని ఇచ్చినవాడికి పటం అప్పజెబుతాడు గాని, చేయి నడిచేదంతా ఆ చూసేవాళ్ల కోసమే.

కవుల్లో ఎవరి కోసం రాయాలన్న పేచీ అంకితం దగ్గర వచ్చింది. రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడి మీద భోగినీ దండకం రాసింది బమ్మెర పోతనే అని ఒక సంప్రదాయం ఉంది. పండితులు అందరూ ఒప్పుకోలేదు. భాగవతాన్ని మాత్రం రాజుకు ఇవ్వనని శ్రీరాముడికే అంకితమిచ్చాడన్న కథ ప్రతి ఇంట్లో తెలుసు. దండకం సంగతి ఎలా తేలినా, ఒకే కవి పేరు మీద ఈ రెండు కథలనూ జనం పక్కపక్కనే దాచుకోవడం గమనించదగ్గది. ప్రభువు కోసం రాయడం వాళ్ల కంట తప్పుగా పడలేదు. ఏదో ఒకటి ఎవరికీ అమ్మకుండా ఉంచుకోవాలని మాత్రం వాళ్లు కోరుకున్నారు.

ఇక శ్రీశ్రీ. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. హిందీ నుంచి తెలుగులోకి డబ్బింగ్ అయిన ‘ఆహుతి’కి ఆయన మాటలూ పాటలూ రాసిందీ అదే 1950లో. డబ్బింగులో కథ పరాయిది, బాణీ పరాయిది, చివరికి పెదవుల కదలిక కూడా పరాయిదే. తెర మీద మనిషి పెదవులు మూసిన చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి, నోరు తెరిచిన చోట ‘ఆ’కారం పడాలి. అర్థం చెడకూడదు, మాట తెలుగులా వినపడాలి. అంత కట్టుబాటులో ఛందస్సు తెలిసినవాడి చెయ్యి ఎంత పదును తేలుతుందో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. ఇది కవిత్వం కాదని కొందరు తేలిగ్గా మాట్లాడతారు. ఆ మాట సరికాదు. మహాకవి అనిపించుకున్నవాడు పరాయి పెదవుల లెక్క అంత ఓపికగా చూసుకున్నాడంటే పనిని గౌరవించడం ఏమిటో అందులోనే కనపడుతుంది.

ఆరుద్ర దగ్గర నేర్చుకోవలసింది ఇంకా సూక్ష్మం. ‘త్వమేవాహం’ రాసిన అభ్యుదయ కవి, ‘రాముడికి సీత ఏమౌతుంది?’ అని రామకథల్ని తర్కంతో పరీక్షించిన పరిశోధకుడు. ఆ చేత్తోనే సినిమాకు రాముడి పాటలు రాశాడు. 1965లో వచ్చిన ‘ఉయ్యాల జంపాల’ సినిమా పాటలో రాముడు దేవుడెందుకయ్యాడన్న ప్రశ్న వేసి, మనిషిగా ఆయన నడిచిన నడతలోనే జవాబు వెతికాడు. భక్తుడు ఆ పాటను భక్తితో పాడుకోగలడు, నమ్మకం లేనివాడు కూడా అందులో అబద్ధం చూపించలేడు. విషయం తనది కానప్పుడు అందులో తాను మనస్ఫూర్తిగా ఒప్పుకోగల చోటు ఒకటి వెతికి పట్టుకుని, పాటంతా అక్కడి నుంచి కట్టడం అంటే ఇదే.

ఆ చోటు వెతకడం ములకలపల్లి గోడ మీద ఎలా ఉంటుందో చూడాలి. పోడు చేసుకునే ఇంటి నుంచి వచ్చిన కుర్రాడికి అటవీశాఖ గోడ రాత వచ్చిందనుకుందాం. రాయమని ఇచ్చిన మ్యాటర్లో ‘పోడు నేరం’ అని ఉంది. తండ్రి సాగు చేసే నేల గుర్తొచ్చి చేయి ఆడదు. కోపంతో వదిలేస్తే ఇంకొకడు వచ్చి ఆ రెండు మాటలూ అలాగే రాసిపోతాడు. పళ్లు బిగించి రాస్తే అబద్ధం రాసినట్టు అవుతుంది. ఎందుకంటే 2005 డిసెంబరు 13 నాటికి గిరిజనుల సాగులో ఉన్న అటవీ భూమి మీద హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. తెలంగాణలో 2023లో పోడు పట్టాలు కూడా పంచారు. పట్టా చేతిలో ఉన్నవాడి సాగును గోడ మీద నేరం అనకూడదు. కాబట్టి పనివాడు మ్యాటర్ కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లి, ‘కొత్తగా అడవి నరకడం నేరం’ అని మార్చమని అడగాలి. తన ఇంటి బాధ చెప్పుకోనక్కర్లేదు. చట్టం చెప్పేది అదే కాబట్టి అధికారికీ అడ్డు చెప్పే కారణం ఉండదు. మూడు మాటలు చేరితే గోడ నిజం చెబుతుంది, కుర్రాడు తలెత్తుకుని రాయగలడు.

బొమ్మ దగ్గర అతనికి ఇంకా పెద్ద అవకాశం ఉంది. అడవి నిప్పు అనగానే అడవి ఎరగని ఆర్టిస్టు చెట్ల కొనలు మండుతున్నట్టు వేస్తాడు. ఈ అడవుల్లో నిప్పు ఎక్కువగా నేల మీద ఎండుటాకుల వెంట పాకుతుంది. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో పువ్వు సులువుగా ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు, అది చెయ్యి దాటిపోతుంది. అందుకని మంట మోకాలి ఎత్తులోనే వేయాలి. పక్కనే ఇప్పచెట్టు కింద ఆకులు చీపురుతో ఊడ్చి, బుట్టలోకి పువ్వు ఏరుకుంటున్న ఆడమనిషిని వేయాలి. తెల్లవారకముందే పువ్వుకు పోయే కోయ తల్లికి ఆ గోడ తన పని గురించే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కింద తెలుగు లిపిలోనే కోయ మాటల్లో ఒక వాక్యం చేరిస్తే ఇంకా మంచిది. ఈ బొమ్మ వేయడానికి కావలసిన తెలివి ఆఫీసులో ఉండదు, ఆ పని మీద అయిష్టంతో వచ్చిన కుర్రాడి దగ్గరే ఉంటుంది. అతను మనసు పెట్టకపోతే ఆ గోడకు అది దక్కే దారి లేదు.

మనిషి నచ్చనప్పుడు చేయవలసినవి కొద్దే. సగం అడ్వాన్సు తీసుకోవడం, మ్యాటర్ మీద సంతకం పెట్టించుకోవడం, దిద్దుబాట్లు ఎన్నిసార్లో ముందే చెప్పడం. నోరు పారేసుకునే మనిషితో కూడా ఇవి ఉంటే పని సాగుతుంది. అతని మీద కసితో అక్షరాలు వంకర పోనివ్వడం, ఫొటో నల్లబడేలా ప్రింటు తీయడం మాత్రం చేయకూడని పని. దానివల్ల నష్టపోయేది ఆ బోర్డు చూసి దారి వెతుక్కునేవాడు, అతను ఎవరికీ ఏ అపకారమూ చేయలేదు.

వదులుకోవలసినవి కచ్చితంగా కొన్ని ఉన్నాయి. ఏజెన్సీ భూమిలో ఓపెన్ ప్లాట్లు, ఎవరైనా కొనుక్కోవచ్చు అని ఫ్లెక్సీ అడిగితే చేయకూడదు. 1959 నాటి రెగ్యులేషనుకు 1970లో వచ్చిన సవరణ, అందరూ 1/70 అని పిలిచేది, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదంటుంది. ఆ ఫ్లెక్సీ కొనేవాడి డబ్బునూ ముంచుతుంది, కోయల నేలనూ తీస్తుంది. షుగరు, క్యాన్సరు ఖాయంగా నయం చేస్తామనే కరపత్రం కూడా అంతే. 1954 చట్టం అలాంటి ప్రకటనల్ని నిషేధించింది. ఎన్నికలప్పుడు ఏ పార్టీదైనా అచ్చు వేయవచ్చు, కాని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను ప్రకారం కరపత్రం మీద, పోస్టరు మీద ముద్రించినవాడి పేరు, ప్రచురించినవాడి పేరు, చిరునామాలు ఉండాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ‘పేరు వేయొద్దు, రెట్టింపు ఇస్తాం’ అనే పని ఎదుటివాడి మీద బురద చల్లడానికే వస్తుంది. దాన్ని ముట్టుకోకూడదు.

కాదనడానికి సమయం ఉంది. అది పని ఒప్పుకునేటప్పుడే. అడ్వాన్సు తిని, సగం గీసి, ఆపైన నీతి గుర్తొచ్చిందనడం పనివాడికి తగదు. ఒకవేళ మధ్యలోనే అసలు సంగతి బయటపడితే తీసుకున్నదంతా తిరిగిచ్చి, కారణం ఒక్క ముక్కలో చెప్పాలి, ఉపన్యాసం ఇవ్వకూడదు. అదే మనిషి రేపు కూతురి పెళ్లి బ్యానరుకు వస్తాడు, అప్పుడు దాన్ని బాగా చేసిపెట్టాలి.

ఎండలు ముదరకముందే గోడ పనులు మొదలవుతాయి. ఎవరు పిలిచినా మ్యాటర్ కాగితం ఇంటికి తెచ్చుకుని, ఒకటికి రెండుసార్లు చదివి, ఆ తర్వాతే అడ్వాన్సు పట్టుకో అల్లుడూ.

ఆశీస్సులతో,
మామయ్య