న్యాయసోపానములు

నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఉదయగిరి దుర్గము కలదు. శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి, 1514వ సంవత్సరమున గజపతుల నుండి ఈ దుర్గమును గైకొనెను. ఆ కాలమున కొండమీది ప్రభువు ఆజ్ఞయే కొండక్రింది ప్రజలకు శాసనము. ఆ ఆజ్ఞ అన్యాయమని తోచినను, ప్రభువును నిలదీయుటకు సామాన్యునకు వేరొక ధర్మపీఠము లేదు.

1950 జనవరి 26వ తేదీన భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. నాటినుండి ప్రభుత్వము చేయు శాసనము సైతము రాజ్యాంగమునకు లోబడి యుండవలెను. పౌరుల ప్రాథమిక హక్కులను హరించు శాసనమును కొట్టివేయు అధికారము హైకోర్టునకును, సుప్రీంకోర్టునకును కలదు.

ఈ న్యాయసోపానమున మొదటి మెట్టు మన ఊరి చెంతనే యున్నది. ఆత్మకూరులోను, ఉదయగిరిలోను జూనియర్ సివిల్ జడ్జి కోర్టులు కలవు. పూర్వము ఇట్టి వానిని జిల్లా మునసబు కోర్టు లనెడివారు. పొలము గట్టు తగాదాలు, ప్రామిసరీ నోటుపై బాకీ దావాలు మొదట ఇట్టి కోర్టులలోనే విచారణకు వచ్చును. సాధారణముగా ఆ న్యాయాధికారియే మేజిస్ట్రేటుగా కొన్ని నేరములను గూడ విచారించును. తీర్పు సమ్మతము కానివారు పై కోర్టునకు అప్పీలు చేసికొనవచ్చును. నెల్లూరులోని జిల్లా కోర్టు, దానిపై హైకోర్టు, అన్నింటికి పైన సుప్రీంకోర్టు ఉన్నవి. నెల్లూరు ప్రజలకు మొదట మద్రాసు హైకోర్టే దిక్కు. ఆంధ్ర రాష్ట్ర మేర్పడిన పిమ్మట 1954లో గుంటూరున హైకోర్టు వెలసెను. 1956లో అది హైదరాబాదునకు తరలెను. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతి యందు పనిచేయుచున్నది.

ప్రాథమిక హక్కునకు భంగము కలిగినపుడు మాత్రము క్రింది మెట్లన్నియు ఎక్కవలసిన పని లేదు. రాజ్యాంగము 226వ అధికరణము ననుసరించి హైకోర్టును, 32వ అధికరణము ననుసరించి సుప్రీంకోర్టును సూటిగా ఆశ్రయింపవచ్చును.

ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అను నతడు అట్లే చేసెను. అతనిపై దోపిడి నేరము మోపబడినది. సాక్ష్యము లేనందున విడుదలయ్యెను. అయినను పోలీసులు అతనిపై నిఘా మానలేదు. రాత్రివేళ వచ్చి, తలుపు తట్టి, నిద్రలేపెడివారు. అతడు సుప్రీంకోర్టునకు మొర పెట్టుకొనెను. 1962లో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాత్రి తలుపు తట్టుట చెల్లదని అందరును అంగీకరించిరి. కాని వ్యక్తిగత గోప్యత రాజ్యాంగమున చెప్పబడిన హక్కు కాదని నలుగురు పలికిరి. గుంటూరు హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తిగా నుండిన కోకా సుబ్బారావు ఇందులకు ఒప్పుకొనలేదు. గోప్యత లేని స్వేచ్ఛ స్వేచ్ఛయే కాదని భావించి, ఆ నిఘా యంతయు చెల్లదని వ్రాసిరి. జస్టిస్ షా వారితో ఏకీభవించిరి. ఇద్దరి మాట నలుగురి ముందు నిలువలేదు. కాని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేయని ఏకకంఠముతో ప్రకటించిరి. నాడు వీగిపోయిన అభిప్రాయము దాదాపు ఏబది యైదేండ్లకు న్యాయమై నిలిచినది.

మరియొక తీర్పు విద్యార్థులకు మిక్కిలి దగ్గరది. అది ఉన్నికృష్ణన్ కేసు. అందు ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. వృత్తివిద్యా కళాశాలలు గైకొను రుసుములను గూర్చి వివాదము పుట్టెను. దానిని విచారించుచు 1993 ఫిబ్రవరి 4న సుప్రీంకోర్టు, పదునాలుగేండ్లు నిండువరకు ప్రతి బిడ్డకును ఉచిత విద్య ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పెను. రుసుములను గూర్చి ఆ తీర్పు ఏర్పరచిన పద్ధతి 2002లో తొలగింపబడినను, బిడ్డల హక్కు చెక్కుచెదరలేదు. ఆ సంవత్సరమే రాజ్యాంగ సవరణమున దానికి చోటు లభించెను. 2009లో చేయబడిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది.

ఇల్లలుకగానే పండుగ కాదు. తీర్పు వెలువడినంతనే హక్కు ఇల్లు చేరదు. అప్పీలు మెట్లెక్కి పైకి పోవును. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయము మెట్లు దిగి క్రిందికి వచ్చును. 141వ అధికరణము ప్రకారము ఆ న్యాయము దేశములోని కోర్టులన్నింటికిని శిరోధార్యము. ఢిల్లీలో చెప్పిన మాటను ఉదయగిరి న్యాయాధికారి తప్పక పాటింపవలెను. పోలీసులు ఎవనినైన నిర్బంధించినచో, ప్రయాణకాలము మినహా 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. నిర్బంధితుని మాట విను మొదటి న్యాయపీఠము ఢిల్లీలో లేదు. ఇట్టి చిన్న ఊరి కోర్టులోనే యున్నది.

వకీలును నియమించుకొను శక్తి లేని పేదలకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి ఉచిత న్యాయసహాయము లభించును. ఇందులకై 1987లో చేసిన చట్టము 1995 నుండి అమలులో నున్నది.

అయినను న్యాయస్థానము తనంతట తాను ప్రతి ఇంటి గడపకు రాలేదు. ఖరక్ సింగ్ అర్ధరాత్రి తట్టిన తలుపు తీసి, అణగి యుండినచో, సుబ్బారావు గారి తీర్పు పుట్టెడిది కాదు. సోపానము ఎంత ఎత్తైనదైనను, మొదటి మెట్టుపై అడుగిడవలసినవాడు పౌరుడే. అందులకు తన హక్కు ఏదియో అతడు ఎరిగి యుండవలెను.