చీజ్‌లు – పుట్టిన దేశాలు

పోటీ పరీక్షల ప్రత్యేకం: జనరల్ నాలెడ్జ్

- ఫెటా: గ్రీస్. గొర్రె పాలే ప్రధానం, మేక పాలు 30 శాతం మించకూడదు. 2002లో యూరోపియన్ యూనియన్ రక్షిత హోదా పొందింది.
- రోక్‌ఫోర్, బ్రీ, కామెంబెర్: ఫ్రాన్స్. రోక్‌ఫోర్‌ను గొర్రె పాలతో చేసి, కొంబలూ కొండ గుహల్లో మాగబెడతారు. లోపలి నీలి చారలు పెనిసిలియం రోక్‌ఫోర్టీ అనే బూజువి.
- పార్మిజానో రెజానో, మోజరెల్లా, గోర్గోంజోలా: ఇటలీ. మొదటిదాన్ని కనీసం 12 నెలలు మాగబెట్టాలి.
- గౌడా, ఎడమ్: నెదర్లాండ్స్.
- చెడ్డార్: ఇంగ్లండ్. సోమర్‌సెట్ ప్రాంతంలోని ఊరి పేరిది.
- ఎమెంటాల్, గ్రుయేర్: స్విట్జర్లాండ్.
- మాంచెగో: స్పెయిన్.
- హలూమి: సైప్రస్.

గుర్తుంచుకోండి: ఫెటా, రోక్‌ఫోర్, మాంచెగో మూడింటికీ గొర్రె పాలే ప్రధానం. జతపరచండి ప్రశ్నల కోసం చీజ్, దేశం, పాల రకం కలిపి చదవండి.