మృతుల మధ్యగా గుడికి దారి



ఆదివారం పూజకు వెళ్ళేటప్పుడు, గుడి ఆవరణలో అడుగుపెట్టింది మొదలు బలిపీఠం ఎదుట మోకరించే వరకు మీకు ఏమేమి కనబడతాయో ఎప్పుడైనా గమనించారా? ఆ కొద్దిపాటి దారినే జ్ఞానోపదేశ పాఠంగా మలచుకొన్న పల్లె ఒకటి ఉన్నది. ఫ్రాన్సు దేశపు పడమటి కొసన, బ్రిటనీ ప్రాంతంలోని సెయింట్ తెగొనెక్ అనే విచారణ అది. ఈ వారం ఆ గుడిని గురించి తెలుసుకొందాం.

కట్టించినవారు ఎవరు?

16, 17 శతాబ్దాలలో ఆ ప్రాంతపు రైతులు అవిసె మొక్కను పండించి, దాని నార తీసి, వడికి, లినెన్ బట్ట నేసేవారు. ఆ బట్ట మోర్లే రేవు నుండి ఓడలలో ఇంగ్లండుకు, స్పెయినుకు వెళ్ళేది. వచ్చిన లాభంలో కొంత భాగం గుడికి చేరేది. విచారణ పెద్దల సంఘం ఆ సొమ్ముకు లెక్కలు వ్రాసి, శిల్పులను, వడ్రంగులను కుదుర్చుకొని పనులు చేయించేది.

పొరుగున ఉన్న గిమిలియో విచారణలో 1581-1588 మధ్య సుమారు 200 రాతి బొమ్మలతో గొప్ప కల్వరి కట్టడం లేచింది. పొరుగూరికి తీసిపోకూడదన్న పట్టుదల ఆ విచారణలన్నిటా ఉండేది. కనుక ఆ రాళ్ళలో భక్తితోపాటు ఊరి గొప్ప కూడా కొంత కలిసి ఉన్నదని ఒప్పుకోవాలి.

దారి చెప్పే పాఠం

ఆవరణకు ముందుగా ఒక రాతి తోరణం ఉంటుంది. దానిని 1587లో కట్టారు. మరణాన్ని జయించిన ప్రభువు ఇంటికి వస్తున్నామని అది గుర్తు చేస్తుంది.

లోపల 1610 నాటి కల్వరి ఉన్నది. ప్రభువు శ్రమల ఘట్టాలు రాతిలో చెక్కబడి ఉన్నాయి. సిలువపై ఉన్న క్రీస్తు గాయాల నుండి కారే రక్తాన్ని దేవదూతలు పాత్రలలో పడుతూ ఉంటారు. క్రింద ఒక గూటిలో విచారణ పాలకుడైన పునీత తెగొనెక్ స్వరూపం ఉన్నది. గుడికి రాళ్ళు మోసే ఆయన జంతువును తోడేలు తినివేసిందట. అప్పుడాయన ఆ తోడేలునే బండికి కట్టి రాళ్ళు మోయించాడని అక్కడివారు చెప్పుకొంటారు.

ఆ రోజులలో పల్లెజనంలో చదువు వచ్చినవారు తక్కువ. బొమ్మలే వారికి పుస్తకం. అదే కాలంలో మిషెల్ లె నోబ్లె (1577-1652) అనే గురువు తోలుమీద వేయించిన చిత్రాలు చూపిస్తూ బ్రిటనీ పల్లెలలో బోధించేవారు. ఆయన బాటలో నడిచిన యేసుసభ గురువు జూలియన్ మోన్వార్‌ను 1951లో శ్రీసభ ధన్యుడిగా ప్రకటించింది.

కల్వరి దాటితే అస్థికల గృహం. దీనిని 1676-1682 మధ్య కట్టారు. సమాధుల స్థలం చిన్నది కనుక, కొత్తవారికి చోటివ్వడానికి పాత సమాధులలోని ఎముకలను తీసి ఇటువంటి గృహాలలో భద్రపరచేవారు. తమ కోసం ప్రార్థించమని, బ్రతికి ఉండగానే పశ్చాత్తాపపడమని మృతులే అడుగుతున్నట్లుగా దాని గోడపై మాటలు చెక్కారు. దాని క్రింది గదిలో ప్రభువును సమాధి చేసే దృశ్యం ఉన్నది. జాక్ లెస్పాన్యోల్ అనే శిల్పి 1699-1702 మధ్య దీనిని ఓక్ కర్రతో చెక్కాడు. మన మృతుల సరసనే ప్రభువు కూడా సమాధిలో పవళించాడన్న ఆదరణ అందులో ఉన్నది.

ఆ తరువాతే గుడి. గుడిలో 1683లో కర్రతో చేసిన ప్రసంగ వేదిక ప్రసిద్ధమైనది. దాని పలకలపై నలుగురు సువార్తికులు, మూలలలో వివేకం, న్యాయం, ధైర్యం, మితం అనే నాలుగు ప్రధాన సుగుణాల బొమ్మలు ఉన్నాయి.

మిగిలినది ఏమిటి?

17వ శతాబ్దం చివర ఇంగ్లండుతో యుద్ధాలు, వాణిజ్యంపై ఆంక్షలు వచ్చిపడ్డాయి. లినెన్ వ్యాపారం సన్నగిల్లింది. పొరుగూరితో పోటీకి కావలసిన సొమ్ము కూడా దానితోనే తగ్గిపోయింది. 1998 జూన్ 8న ఆ గుడిలో అగ్నిప్రమాదం జరిగి, పైకప్పులో కొంత భాగం, లోపలి బలిపీఠాలు దెబ్బతిన్నాయి. ఆ నష్టాన్ని ఏళ్ళ తరబడి ఓపికగా బాగుచేసి, 2005 నాటికి గుడిని మరల తెరిచారు. నేతగాళ్ళ సంపద ఏనాడో పోయినా, వారు ఏర్పరచిన దారి నిలిచే ఉన్నది.

ప్రియులారా, తోరణం, కల్వరి, మృతులు, బలిపీఠం అన్న ఈ వరుసను మరొకసారి చూడండి. బలిపీఠం దగ్గరకు వెళ్ళేవాడు మృతుల ప్రక్కగానే నడవాలి. మృతుల కొరకు ప్రార్థించడం మంచిదని మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం మనకు నేర్పుతున్నది. పునీతుల బాంధవ్యాన్ని విశ్వసిస్తున్నామని ప్రతి ఆదివారం పలుకుతాము. అయినా నవంబరు 2న సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి వచ్చాక, మిగిలిన నెలలలో మనవారిని ఎందరం తలుస్తున్నాము?

మన గుడికి అస్థికల గృహం లేకపోవచ్చు. అయినా వచ్చే ఆదివారం గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగండి. మిమ్మల్ని మొదటిసారి ఆ గుడికి చెయ్యిపట్టి తీసుకువచ్చిన అమ్మనో, నాన్ననో, తాతనో, మీ ఊరి ఉపదేశినో పేరుపెట్టి తలచుకొని, వారి ఆత్మకు నిత్యవిశ్రాంతి వేడుకొని లోపలికి వెళ్ళండి. ఒకనాడు మీ పిల్లలు కూడా అదే గుమ్మం దగ్గర మీ పేరు తలుస్తారు.