క్యామ్రీ తాగే ఆయిల్

చిరంజీవి మేనల్లుడికి,

డాలస్‌లో నువ్వు కొన్న 2008 క్యామ్రీ ఆయిల్ తాగుతోందనీ, అక్కడి మెకానిక్ ఇంజిన్ దించాల్సిందే అన్నాడనీ అమ్మ చెప్పింది. తొందరపడి డబ్బు కట్టకు. లక్షన్నర మైళ్లు దాటిన బండి కాస్త ఆయిల్ తాగడం వింతేమీ కాదు. పైగా ఆ బండికి ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది.

నాలుగు సిలిండర్ల ఆ క్యామ్రీలో ఉన్నది 2.4 లీటర్ల 2ఏజెడ్-ఎఫ్‌ఈ ఇంజిన్. సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కిందికి తుడిచెయ్యడం పిస్టన్‌కున్న అడుగు రింగు పని. ఈ ఇంజిన్‌లో ఆ రింగు దగ్గర కార్బన్ గట్టిపడి, రింగు గాడిలోనే బిగుసుకుపోతుంది. గోడకు అంటుకుని మిగిలిన ఆయిల్ పెట్రోల్‌తో పాటే మండిపోతుంది. ఫిర్యాదులు ముదిరాక టయోటా 2015లో వారంటీ పెంచి, ఆయిల్ వాడకం పరీక్షలో తప్పిన బండ్లకు పిస్టన్లూ రింగులూ మార్చింది. 1200 మైళ్లకు ఒక క్వార్టు కన్నా ఎక్కువ తాగితేనే మరమ్మతు. క్వార్టంటే లీటరుకు కాస్త తక్కువ. ఆ వారంటీ గడువు తీరి చాలాకాలమైంది. ఆ కొలత మాత్రం ఇప్పుడు నీకు పనికొస్తుంది.

కాబట్టి ముందు ఎంత తాగుతోందో కొలిచి చూడు. ఆయిలూ ఫిల్టరూ మార్పించి, మైలేజీ రాసిపెట్టు. ప్రతి రెండో పెట్రోల్ ఫిల్లింగ్‌కు సమతల నేల మీద ఆపి, ఇంజిన్ కట్టేసిన ఐదు నిమిషాలకు డిప్‌స్టిక్ లాగు, గుడ్డతో తుడువు, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడు. స్టిక్‌కు రెండు వైపులా ఆయిల్ ఒకే ఎత్తులో కనిపించకపోతే, తక్కువగా ఉన్న వైపునే నమ్ము. పై గీత దాటేలా మాత్రం పొయ్యకు. క్రాంక్ చిలికి నురగ చేస్తే ఆ ఆయిల్ కూడా మంటలోకే పోతుంది. డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలగలేదు కదా అని ధీమాగా ఉండకు. అది ప్రెషర్ పడిపోయిందని చెప్పే దీపం, మట్టం చెప్పేది కాదు. అది వెలిగేసరికి బేరింగులు ఎండిపోతుంటాయి.

తర్వాత ఆయిల్ ఎటు పోతోందో చూడాలి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచితే కారుడు సంగతి తెల్లారేసరికి తేలుతుంది. పొగ సంగతి వేరు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ల మీద అనుమానపడాలి. హైవే ఎక్కేటప్పుడు తొక్కినకొద్దీ వస్తుంటే రింగులే. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేస్తుంటే పొగే కనపడకపోవచ్చు, అందుకే స్టిక్ మీది లెక్కకే విలువ.

చవకైన వైద్యంతో మొదలుపెట్టు. క్రాంక్‌కేసులోని ఆవిరిని ఇంజిన్‌లోకే తిప్పి పంపే పీసీవీ వాల్వ్ కొన్ని డాలర్ల వస్తువు. విప్పి ఊపితే లోపల గలగలమనాలి, చప్పుడు లేకపోతే అది మూసుకుపోయినట్టే. అలా మూసుకుపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. హై మైలేజ్ ఆయిల్‌లో గట్టిపడ్డ రబ్బరు సీళ్లను మెత్తబరిచే మందు ఉంటుంది, కారుడుకు కొంత మేలు చేస్తుంది. బిగుసుకున్న రింగును అది ఒక్కసారికే వదిలించలేదు. ఆయిల్‌ను చిక్కబరిచే సీసాల జోలికి అసలు పోవద్దు.

రింగులకు చేసే పని పిస్టన్ సోక్. ప్లగ్గులు నాలుగూ విప్పి, పిస్టన్లను మధ్య ఎత్తుకు తెచ్చి, కార్బన్ కరిగించే ద్రావకం పోసి రాత్రంతా వదిలేస్తారు. కొందరికి బాగా గుణమిచ్చింది, కొందరికి ఏమీ కాలేదు. ద్రావకం సిలిండర్‌లో మిగిలి ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. మిగిలిందంతా పీల్చేసి, పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి, వెంటనే ఆయిల్ మార్చాలి. తెలిసిన చెయ్యి పక్కన లేకుండా ఈ పనికి దిగకు.

ఇక రింగుల మార్పు. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ దించితే అయ్యే కూలి వేరు. డాలస్‌లో గంటకింత లేబర్ లెక్కేస్తే బిల్లు బండి ధరను దాటిపోవచ్చు. 1200 మైళ్లకు ఒక క్వార్టు తాగినా, ఏడాదికి పన్నెండు వేల మైళ్లు తిరిగితే పది క్వార్టులు, అంటే ఐదు క్వార్టుల డబ్బాలు రెండు. నీ చదువయ్యే దాకా బండి నడవాలంటే డిక్కీలో ఒక డబ్బా వేసుకుని పోసుకుంటూ తిరగడమే మావయ్య దృష్టిలో తెలివైన పని. వెయ్యి మైళ్లకు రెండు మూడు క్వార్టులు తాగే స్థితి వస్తే మాత్రం బేరం పెట్టెయ్యి, కొనేవాడికి ఉన్నమాట చెప్పి.

ఇలా పోసుకుంటూ తిరగడంలో ఒక్క చిక్కుంది. మండిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ కన్వర్టర్‌ను మెల్లగా చంపుతుంది. అప్పుడు పీ0420 కోడ్‌తో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. టెక్సాస్‌లో 2025 నుంచి సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేసినా, డాలస్ కౌంటీలో పొగ పరీక్ష మిగిలే ఉంది. లైటు వెలుగుతుంటే అందులో ఫెయిలే. కోడ్ చెరిపేసి వెంటనే వెళ్తే బండి మానిటర్లు సిద్ధం కాలేదని యంత్రమే వెనక్కి పంపేస్తుంది. రిజిస్ట్రేషన్ నెల ముందే ఒకసారి స్కాన్ చేయించి పెట్టుకో.

ఆశీస్సులతో,
మావయ్య