సున్నా వస్తే సున్నా అనే రాయి

చిట్టీ,

పాక్ అఖాతంలో సముద్రగడ్డి సర్వేకు నిన్ను తీసుకున్నారని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమైందో! ఆ వెంటనే బెంగ కూడా. నీళ్ళలో కాళ్ళెత్తి అడుగులు వేయకు, ఇసుకలో ఈడ్చుకుంటూ నడువు. అడుగున టేకు చేప ఉంటే తప్పుకుంటుంది. తొక్కావంటే తోకముల్లు దించేస్తుంది. నవ్వకు, నిజంగానే చెబుతున్నాను.

నేను ఆ తీరంలోని మండపం ఊళ్ళో పనిచేసిన రోజుల్లో, ఈశాన్య రుతుపవనాలు వెళ్ళి నీళ్ళు తేరుకున్నాకే దిగేవాళ్ళం. వలలు బాగుచేసుకునే ఒక అవ్వ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆకులు చూసి, ఏ వైపు గడ్డి దెబ్బతిందో మేం కొలవకముందే చెప్పేది. అలాంటివాళ్ళ దగ్గర కాసేపు కూర్చో తల్లీ. తమిళం రాకపోతే నేర్చుకో.

ఇక పని సంగతి. 50 మీటర్ల టేపులు మూడు, 25 మీటర్ల ఎడంతో పరుస్తారు. టేపు ఈ కొస నుంచి ఆ కొస దాకా, రెండు కొసలూ కలుపుకుని, ఐదేసి మీటర్లకు ఒక అరమీటరు చట్రం, అన్నీ కలిపి 33. ఒక్కో చట్రంలో గడ్డి ఎంత పరుచుకుందో రాయాలి. చట్రం పడ్డచోట బోసి ఇసుకే ఉందనుకో, పక్కనున్న పచ్చటి గడ్డి మీదికి జరపాలని చెయ్యి లాగుతుంది. జరిపావో, నాకు కోపం వస్తుంది! సున్నా అని రాయి. 2022లో అక్కడ 448 చదరపు కిలోమీటర్లను సముద్రగడ్డి మేసే డ్యూగాంగ్‌ల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు కదా, అందరికీ మంచి కబురే కావాలి. ఆ మొహమాటానికి లొంగకు. నీ మంచితనం నాకు తెలుసు కాబట్టే ఇంతగా చెబుతున్నా.

పచ్చగా ఉందని మురిసిపోకు కూడా. నీళ్ళు మసకబారి వెలుగు అందకపోతే, గడ్డి వేరుకాండంలో దాచుకున్నది తిని బతుకుతుంది. ఆకు కొన్నాళ్ళు బాగానే కనిపిస్తుంది. అందుకే ఆకు పొడవు, దాని మీద పట్టిన నాచు, నీటి తేట అన్నీ రాసుకోవాలి. నాచు దట్టమైతే, ఒడ్డు నుంచి మురుగో ఎరువులో దిగుతున్నాయేమో ఆరా తీయండి. నిరుడు ఏ నెలలో చూశారో ఈ ఏడూ ఆ నెలలోనే చూడండి. లేకపోతే రుతువు మారినందుకు వచ్చిన తేడాను రోగమనుకుంటారు.

మధ్యలో మెలికలు తిరిగిన బోసి చారలు కనిపిస్తే కంగారుపడకు. డ్యూగాంగ్ వేళ్ళతో సహా మేసిన దారి కావచ్చు. తిన్నగా, పొడవుగా ఉంటే మాత్రం వలో లంగరో ఈడ్చిందేమో చూడు. రెండింటికీ ఫొటో తీయి.

మొదటి సర్వే కాగితాలు నాకు పంపు. వేళకు తిను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ