పెద్ద మిషనే మంచిదా?

పోయిన వేసవి సెలవుల్లో ఒక రాత్రి డాలస్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. అక్కడ పాత ఫ్లోరింగ్ తీసేసే ఒక కాంట్రాక్టర్ దగ్గర పని చేస్తాడు. ఒక ఆఫీసు మూడో అంతస్తులో కార్పెట్, కొంత భాగంలో సిరామిక్ టైల్స్ తీయాలి. పని మొత్తం మొదటిసారి తనకే అప్పజెప్పారు.

"ఒరేయ్, సివిల్ చదువుతున్నావు కదా, ఏ సైజు మిషన్ అద్దెకి తెమ్మంటావు?" అన్నాడు.

"పెద్దదే తెచ్చెయ్ బావా, త్వరగా అయిపోతుంది."

బావ నవ్వలేదు. "పోయినేడు మావాళ్లూ అలాగే అనుకున్నారు. అది లిఫ్టెక్కలేదు. తిరిగి పంపేశాం, అద్దె మాత్రం కట్టాం."

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని వేసిన లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఇది మనిషి ఎక్కి కూర్చుని నడిపే మిషన్. ముందు వెడల్పాటి బ్లేడు టైలు కిందకి దూరి పైకి లేపుతుంది. మన దగ్గర సుత్తి, ఉలి, బ్రేకర్‌తో చేసే పనే.

మొదటిది, బరువు ఎందుకు కావాలి? బ్లేడుని తోసే బలం చక్రాలకీ నేలకీ మధ్య ఘర్షణ నుంచే వస్తుంది. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే 1,000 కిలోల మిషన్ గరిష్ఠంగా తోయగలిగేది దాదాపు 4.9 కిలోన్యూటన్లు. టైలు అంతకంటే గట్టిగా అతుక్కుంటే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. అందుకే సిరామిక్‌కి బరువైనది కావాలి, కార్పెట్‌కి చిన్నది చాలు. అయితే సన్నటి బ్లేడు పెడితే ఉన్న బలమే తక్కువ వెడల్పు మీద పడుతుంది. చిన్న మిషన్‌తోనూ సిరామిక్ లేస్తుంది, కాస్త ఆలస్యంగా.

రెండోది, దారి. ఆ లిఫ్టు మీద 2,500 పౌండ్లు అని రాసి ఉంది, అంటే 1,134 కిలోలు. నేను చెప్పిన మిషన్ 1,300 కిలోలు! తలుపు వెడల్పు, కారిడార్ మలుపు కూడా టేపుతో కొలవాల్సిందే.

మూడోది, స్లాబ్. ఆఫీసు గదికి చదరపు మీటరుకి 2.5 కిలోన్యూటన్లు అని ఐఎస్ 875 రెండో భాగంలో మనం బట్టీ పట్టాం కదా. అమెరికాలో చదరపు అడుగుకి 50 పౌండ్లు, దాదాపు అంతే. కానీ అది గదంతా సమానంగా పరిచిన బరువు. మిషన్ బరువు మాత్రం నాలుగు చక్రాల కింద పడుతుంది. దానికి వేరే లెక్క ఉంది, అది స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. తీసిన టైల్స్ ఒకేచోట కుప్ప పోసినా ఇదే గొడవ. నేల మీదే పోసిన గ్రౌండ్ ఫ్లోర్ కాంక్రీటుకి ఈ బెంగ తక్కువ.

ఇంకో రెండు మాటలు. గ్యాస్‌తో నడిచే మిషన్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, మూసిన గదిలో బ్యాటరీదే మేలు. పాత బిల్డింగుల్లో టైల్స్‌లోనూ జిగురులోనూ ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా బ్లేడు పెట్టకూడదు.

బావ ఇంజనీరుని అడిగి, దాదాపు 800 కిలోల బ్యాటరీ మిషన్ తెచ్చాడు. సిరామిక్ దగ్గర ఒక రోజు ఎక్కువ పట్టింది. అయినా పని అయిపోయింది, స్లాబ్‌కి ఏమీ కాలేదు.

ఆ 2.5ని నేను రెండు మార్కుల కోసం గుర్తుపెట్టుకున్నాను. ఇప్పుడు హాస్టల్ లిఫ్టెక్కినప్పుడల్లా, ముందు గోడ మీదున్న కిలోల అంకె చూస్తున్నాను.